బళ్ళారిలో దొరకని ఊరు

ప్రశ్న:

మాది అనంతపురం. నాకు యాభై రెండేళ్ళు. పుట్టింటి ఇంటిపేరు పెనుకొండ. తరతరాలుగా సేద్యం మీద బతికిన ఇల్లు. నాన్న పోయినేడు కాలం చేశారు. ఆయన ట్రంకుపెట్టె అడుగున ఒక పాత స్టాంపు కాగితం దొరికింది. మా జేజినాయన వాళ్ళ నాయన భూమి అమ్మిన కాగితమట. దాంట్లో "శార్వరి నామ సంవత్సర మార్గశిర బహుళ" అని, "1310 ఫసలీ మొదలు కిస్తు మీరే చెల్లించుకొని" అని, "బళ్ళారి జిల్లా ఆలూరు తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు" అని చదవగలిగాను. నేనూ మా ఆయనా రెండు రోజులు బళ్ళారిలో ఆఫీసుల చుట్టూ తిరిగాం. అలాంటి ఊరే లేదన్నారు. మా జేజి ఏమో పెద్దోళ్ళు ధాత కరువులో గంజి తాగుతూ నడిచొచ్చారని చెప్పేది. మా చిన్నాయన మనం రాయలవారి దండులో వాళ్ళమంటాడు. ఇంకో సంగతి, మా ఇంట్లో తరానికొక మద్దిలేటి ఉన్నాడు. అసలు మేం కన్నడం వాళ్ళమా? మా వాడు డీఎన్ఏ టెస్ట్ చేయిద్దామంటున్నాడు. కాగితం ఫోటో పంపుతున్నాను. మా పెద్దలు ఎక్కడెక్కడ బతికారో తెలుసుకునే దారి చెప్పండి.

ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం:

అమ్మా, ఆ ఊరు బళ్ళారిలో దొరకదు. అది కర్నూలు జిల్లాలో ఉంది. పొద్దున్నే గుంతకల్లు మీదుగా బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు ఆలూరులో ఉంటారు.

మీ ముత్తాత ఆ కాగితం రాయించిన రోజున ఆలూరు బళ్ళారి జిల్లాలో తాలూకానే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ జిల్లాను విడగొట్టారు. బళ్ళారి పట్నం మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకొచ్చాయి. రాయదుర్గాన్ని అనంతపురంలో కలిపి, తక్కిన రెండింటినీ కర్నూలుకు ఇచ్చారు. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లానే పక్కకు జరిగింది. మీకు బళ్ళారిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఇక కన్నడం వాళ్ళమా అన్నారు. కాగితం తెలుగులో ఉంది కదా. అయినా ఆ వైపు సంతల్లో ఒకే మనిషి బేరం తెలుగులో ఆడి, కోపం వస్తే కన్నడంలో తిట్టడం నేను విన్నాను. ఒకవేళ మీ పెద్దలు రెండూ మాట్లాడి ఉంటే మాత్రం వచ్చిన లోటేముంది?

నేను రెవెన్యూలో పని చేసి రిటైరైనవాణ్ణి. మన సీమలో పూర్వీకుల కోసం వెతికేవాళ్ళు మొదట తప్పిపోయేది ఈ జిల్లాల దగ్గరే. 1800లో నిజాం ఈ దత్తమండలాలను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, ఇచ్చేశాడు. అప్పటినుంచి గీతలు మారుతూనే ఉన్నాయి. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, అంతకు ముందు అదీ బళ్ళారిదే. కదిరి 1910 దాకా కడపది. మదనపల్లె, వాయల్పాడు కూడా కడపవే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి. గిద్దలూరు, మార్కాపురం కర్నూలు నుంచి ప్రకాశానికి వెళ్ళింది 1970లో. కర్నూలును నవాబు చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నదే 1839లో, కాబట్టి దానికి ముందు కాలం లెక్కలు వేరే దారి. బనగానపల్లె 1948 దాకా సంస్థానం. ఇక 2022లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి, మీ పెనుకొండ ఇప్పుడు సత్యసాయి జిల్లా. అందుకని కాగితం మీద జిల్లా పేరు కనబడగానే బస్సెక్కకండి. ఆ సంవత్సరంలో ఆ తాలూకా ఎవరిదో ముందు చూడండి.

మరి మీ కాగితం ఏ సంవత్సరానిది? మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. శార్వరి మొన్న 2020లో వచ్చింది. అంతకు ముందు 1960, 1900, 1840. ఒక్క శార్వరిని పట్టుకుంటే అరవై ఏళ్ళు తప్పే ప్రమాదం ఉంది. కానీ మీ దగ్గర ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, కూడా ఉంది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైలో మొదలై మరుసటేడు జూన్‌తో ముగుస్తుంది. 1310 ఫసలీ అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. శార్వరి మార్గశిరం దాంట్లో చక్కగా ఇమిడింది. మీ ఫోటోలో స్టాంపు మీద విక్టోరియా రాణి తల కూడా ఉంది. ఇక అనుమానం లేదు, ఆ కాగితం రాసింది 1900 డిసెంబరులో. మీ ఇంట్లో ఇంకేదైనా పాత కాగితం ఉంటే ఇలాగే రెండు లెక్కలనూ జత చేసి చూడండి.

ఇప్పుడు అసలు చిక్కు. జేజి చెప్పిన ధాత కరువు 1876లో మొదలైంది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది గనక ఆ పేరు. బళ్ళారి, కర్నూలు, కడప, అనంతపురం వైపు అది చేసిన నాశనం ఇంతా అంతా కాదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. సచ్చినోళ్ళు సచ్చిపోగా, మిగిలినవాళ్ళు పనీ గంజీ దొరికిన దిక్కుకు నడిచారు. ఆ నడిచినవాళ్ళలో మీవాళ్ళు ఉండటం నమ్మదగ్గ మాటే. కానీ ఇరవై నాలుగేళ్ళ తర్వాత, 1900లో, మీ ముత్తాత ఆలూరు తాలూకాలోనే "కాపురస్తుడు" అని కాగితం చెప్తోంది. కాపురం అక్కడే ఉంది, భూమి అక్కడే ఉంది. మరి ధాత కరువులో నడిచొచ్చింది ఎవరు?

ఇలాంటప్పుడు చాలామంది, ముసలామె ఏదో కలిపి చెప్పింది, కాగితమే నిజం అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. జేజి చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కాకపోతే అది మీ పెనుకొండ వాళ్ళ కథ కాదేమో. అది జేజి పుట్టింటి కథేమో!

లెక్క వేసి చూడండి. మీ వయసును బట్టి జేజి 1910 ప్రాంతాల్లో పుట్టి ఉండాలి. ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న అవ్వకు ధాత కరువునాటికి పదేళ్ళో పన్నెండేళ్ళో ఉంటాయి. గంజి కోసం నడిచిన పిల్లే ఆ మాట మనవరాలికి చెప్పింది. ఆ మనవరాలు కోడలై వచ్చి, మీ ఇంటి వసారాలో మీకు చెప్పింది. చెప్పేటప్పుడు "మా పుట్టింటోళ్ళు" అని ప్రతిసారీ అనదు కదా, "పెద్దోళ్ళు" అంటుంది. వినే పిల్లలకు పెద్దోళ్ళంటే ఇంటిపేరు మోసే పెద్దోళ్ళే. మన ఇళ్ళల్లో కాగితాలు మగవాళ్ళ పేరున ఉంటాయి, కథలు ఆడవాళ్ళ నోట ఉంటాయి. రెండూ ఒకే వంశానివి అనుకుని ముడేస్తేనే చిక్కు.

జేజి పుట్టిల్లు ఏ ఊరో మీరు రాయలేదు. నాకొచ్చే ఉత్తరాల్లో ఎవరూ రాయరు. అయితే దానికి ఒక గుర్తు మాత్రం మీరే ఇచ్చారు, మద్దిలేటి. బేతంచెర్ల దగ్గర మద్దిలేటి నరసింహస్వామి ఉన్నాడు. ఆ స్వామికి మొక్కుకుని కన్న బిడ్డకు ఆ పేరు పెడతారు. మన సీమలో మనిషి పేరు సగం చిరునామా. కదిరప్ప అంటే కదిరి నరసింహుడు, నెట్టికంటయ్య అంటే గుంతకల్లు పక్కన కసాపురం ఆంజనేయుడు, ఓబులేసు అంటే అహోబిలం, కుళ్ళాయప్ప అంటే నార్పల దగ్గర గూగూడు పీర్ల పండగ. కుళ్ళాయప్పలు, దస్తగిరులు, హుసేనప్పలు హిందువుల ఇళ్ళల్లోనూ ఉంటారు, ఆ మాట బయటివాళ్ళకు చెబితే నమ్మరు. పెనుకొండ ఇంటిపేరుతో ఆలూరు నుంచి అనంతపురం వచ్చిన ఇంట్లో తరానికొక మద్దిలేటి ఎందుకున్నాడు? నా ఊహ, ఆ పేరు కోడలి వెంట వచ్చింది. జేజి పుట్టిల్లు బేతంచెర్ల, డోన్, బనగానపల్లె చుట్టుపక్కల ఎక్కడైనా తేలితే నా ఊహ నిలుస్తుంది. తేలకపోతే పక్కన పారేయండి. దూరం నుంచి వచ్చి మొక్కుకునేవాళ్ళూ లేకపోలేదు.

ఇలవేల్పు కూడా అడగండి. పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు, పెళ్ళికి ముందు ఏ దేవరకు చెల్లిస్తారు అని. ఊరు వదిలినా ఇంటిదేవుణ్ణి అంత తొందరగా వదలరు. మీ కుటుంబం పుట్టువెంట్రుకలు ఒక చోట, మీ జేజి అన్నదమ్ముల మనవలవి ఇంకో చోట తీయిస్తున్నారంటే అవి రెండు వేర్వేరు దారులు. ఒకే చోటైతే ఒక సంగతి గుర్తుంచుకోండి, మేనరికాలు. మేనత్త కూతుర్ని చేసుకున్న ఇంట్లో, ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వలు ఉండాల్సిన చోట ఆరుగురే తేలతారు. వంశవృక్షం గీస్తుంటే కొమ్మలు వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తప్పు రాశామేమో అని కొట్టేయకండి.

ఆడవాళ్ళ పేర్లు కాగితాల్లో అసలు దొరకవని కాదు. మా ఇంటి సంగతి చెప్తాను. మా ముత్తాత కాలం భూమి లెక్కలు చూద్దామని ఒక ఆఫీసుకు పోతే, ఎర్రగుడ్డ మూట విప్పగానే దాంట్లోంచి పొడి రాలింది. చెదలు కాగితాన్ని తిని గుడ్డను వదిలేశాయి. నేనూ అదే డిపార్ట్‌మెంటువాణ్ణి కాబట్టి ఎవర్ని తిట్టాలో తెలియక ఇంటికొచ్చేశాను. తర్వాత మా పెదనాయన కొడుకు అటక మీద ఒక కోర్టు నకలు దొరికింది, అన్నదమ్ముల భాగపరిష్కారం దావా. వాదపత్రంలో వంశవృక్షం గీసి ఉంది, ఐదు తరాలది. ఎవరు ఎవరి కొడుకు, ఎవరు సంతానం లేక పోయారు, ఎవరు దత్తత, అంతా. అడుగున "నాలుగవ ప్రతివాది" అని మా ముత్తవ్వ పేరు, భర్త పేరు, ఆమె తండ్రి పేరు, ఆయన ఊరు. ఆమె పేరు కాగితం మీద నేను చూసింది అదొక్కసారే. తగాదా పడని మంచి తాతలకు ఏ ఆనవాలూ మిగల్లేదు. కోర్టుకెక్కిన మొండి తాతలకే మనం దండం పెట్టుకోవాలి. మీ వాళ్ళలో దావాలు నడిపినవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో సిగ్గుపడకుండా అడగండి.

ఇక చిన్నాయన గారి రాయలవారి దండు. ఇంటిపేరు పెనుకొండ అంటే పూర్వం ఎప్పుడో మీవాళ్ళు పెనుకొండ నుంచి ఇంకో ఊరికి వెళ్ళారని అర్థం. ఎందుకంటే పెనుకొండలో ఉన్నవాణ్ణి పెనుకొండవాడు అని ఎవరూ పిలవరు. ఆ పేరు అతికించేది కొత్త ఊరివాళ్ళు. ఇంటిపేరు మనం వదిలిపెట్టిన ఊరి చిరునామా. అంతవరకు గట్టిగా చెప్పొచ్చు. 1565లో విజయనగరం పడ్డాక రాజధాని పెనుకొండకు వచ్చిందీ నిజమే. దండు వచ్చింది, దండు వెంట సాలెవాళ్ళు, కోమట్లు, కుమ్మర్లు, సేద్యగాళ్ళు అందరూ వచ్చారు. రాజధాని అక్కడి నుంచి చంద్రగిరికి, వేలూరుకు పోయినప్పుడు వాళ్ళలో చాలామంది చెదిరిపోయారు. పెనుకొండ ఇంటిపేరు ఎన్నో కులాల్లో ఉంది, వాళ్ళందరూ దండులో కత్తి తిప్పినవాళ్ళే అయితే ఇక అన్నం వండింది ఎవరు? 1900 నుంచి 1565కు ఒక్క గంతు వేయొద్దని చిన్నాయనకు మెల్లగా చెప్పండి. నడుమ మూడొందల ఏళ్ళున్నాయి, పది పన్నెండు తరాలు. నాకైతే ఇందులో వేరే ముచ్చట నచ్చింది. పెనుకొండ నుంచి ఉత్తరానికి ఆలూరు దాకా పోయి, మళ్ళీ దక్షిణానికి అనంతపురం వచ్చారు. ఇంకో డెబ్బై కిలోమీటర్లు నడిచుంటే బయల్దేరిన చోటికే చేరేవాళ్ళు.

వెతికే దారి అడిగారు. 1900 మీ చేతిలో ఉంది, అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగాలి. కాగితం రిజిస్టరైందా లేదా చూడండి. అయితే దస్తావేజు నంబరు, సంవత్సరం, పుస్తకం నంబరు వేసి ఉంటాయి. వాటితో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించమని దరఖాస్తు పెట్టొచ్చు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మాత్రం 1983కు ముందు కాలానికి పనికిరాదు, పాత ఇండెక్సు పుస్తకాలు చేత్తో తిరగేయాల్సిందే. పేర్ల ఇండెక్సు వేరే, ఆస్తుల ఇండెక్సు వేరే. మీ ముత్తాత పేరు మీదే కాదు, కొన్నవాళ్ళ పేరు మీదా చూడమనండి. అంతకు పదేళ్ళ ముందు ఆయనే ఎవరి దగ్గరో కొని ఉంటే, అన్నదమ్ములు పంచుకుని ఉంటే, అదీ అక్కడే ఉంటుంది.

తహసీల్దారు ఆఫీసులో బ్రిటిషు కాలం సెటిల్‌మెంటు రిజిస్టరు ఉంటుంది. ఆర్‌ఎస్‌ఆర్ అని అడగండి, పాతవాళ్ళైతే డైగ్లాట్ అంటే అర్థం చేసుకుంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరం, దాని పక్కనే పట్టాదారు పేరు ఉంటాయి. మీ కాగితంలో సర్వే నంబరు ఉంటే రెండు నిమిషాల పని, లేకపోతే పూట పడుతుంది. మీ పెద్దలకు మాన్యం, అంటే ఇనాంగా ఇచ్చిన భూమి, ఏదైనా ఉందా అని కూడా కనుక్కోండి. మాన్యమంటే బ్రాహ్మలకే అనుకోకండి. తలారి, నీరగంటి, మంగలి, చాకలి, కుమ్మరి, పాలెగాళ్ళ దగ్గర కొలువు చేసిన కట్టుబడివాళ్ళు, అందరికీ మాన్యాలున్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఒక్కొక్క మాన్యాన్నీ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరు రాయించింది. మొదట మాన్యం ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు, వయసెంత అన్నీ రాశారు. దాంట్లో పేరు దొరికితే ఒక్క దెబ్బకు 1860 దాటి 1700ల్లోకి పోవచ్చు. నా సర్వీసులో ఇంతకు మించి పనికొచ్చే పుస్తకం చూడలేదు.

ఊరి కరణాల వంశం వాళ్ళు ఇంకా ఊళ్ళో ఉంటే తప్పకుండా కలవండి. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు లెక్కలన్నీ అప్పగించమన్నారు. అన్నీ అప్పగించారని నేనైతే అనుకోను. వట్టి చేతులతో పోకుండా, పళ్ళో ఏవో పట్టుకుని పోయి, ముందు వాళ్ళ తాతల గురించి అడగండి. మీ తాతల గురించి వాళ్ళే చెప్తారు.

అంతకంటే వెనక్కి అంటే కైఫీయత్తులు. కుంపిణీ సర్వేయరు కర్నల్ మెకంజీ మనుషులు 1800 తర్వాత ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి ఊరి చరిత్ర రాయించుకున్నారు. తర్వాత బ్రౌను దొర వాటికి నకళ్ళు తీయించాడు. కడపలో బ్రౌను పేరున ఉన్న గ్రంథాలయం వాళ్ళు కడప జిల్లా కైఫీయత్తులను అచ్చు వేశారు. మిగతా చేతిరాతలు చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఊరు ఎలా కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాలెగాడి దెబ్బకు పాడైంది, మళ్ళీ ఎవరు వచ్చి నిలబెట్టారు, ఇవి ఉంటాయి. మీ ముత్తాత ముత్తాత పేరు ఉంటుందని ఆశ పడొద్దు. రెడ్డి, కరణం, పాలెగాడు, దేవాలయం, వీళ్ళ గొడవే ఎక్కువ.

వంశరాజులను కూడా మరిచిపోవద్దు. పిచ్చిగుంట్ల వాళ్ళని పాతకాలంలో పిలిచేవాళ్ళు, ఆ పేరు ఇప్పుడు వాళ్ళకు ఇష్టం ఉండదు, వంశరాజు అనే అనండి. సేద్యగాళ్ళ ఇళ్ళకు వచ్చి గోత్రం, ఇంటిపేరు, పెద్దల పేర్లు వరసగా చదివి సంభావన తీసుకునేవాళ్ళు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ఇలా ఒక్కొక్క కులానికి ఒక్కొక్కరు. పొగడ్త కొంత తీసేసి వినాలి. ఊరి పేర్ల వరసను మాత్రం వాళ్ళు తేలిగ్గా తప్పరు. దొరికితే ఫోన్లో రికార్డు చేసుకుని, ఇవ్వాల్సింది దండిగా ఇవ్వండి.

డీఎన్ఏ టెస్ట్ మీ వాడి సరదా, చేయించుకోనీండి. దక్షిణ భారతం అని చెప్తుంది, అది మీకు తెలిసిందే. అదే టెస్ట్ చేయించుకున్న దూరపు దాయాదులెవరైనా కలిస్తే కలవొచ్చు. ఊరి పేరు మాత్రం చెప్పదు.

ఈ ఉత్తరం చదివే నందికొట్కూరు, ఆత్మకూరు వైపువాళ్ళకు ఒక మాట. మీ పెద్దల ఊరు శ్రీశైలం ముంపులో పోయి ఉంటే, ఊరు లేదు కదా అని వదిలేయకండి. పరిహారం ఇచ్చేటప్పుడు ఇల్లిల్లూ, చెట్టు చెట్టూ పేరుతో సహా లెక్క రాశారు. కొన్ని బతికున్న ఊళ్ళకు కూడా అంత వివరంగా లెక్క లేదు.

అమ్మా, ఆలూరు బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. మీరు పంపిన ఫోటోలో కాగితం ముందువైపే ఉంది. వెనక్కి తిప్పండి. స్టాంపు వెండరు ఆ కాగితాన్ని ఎవరికి, ఏ ఊళ్ళో, ఏ తేదీన అమ్మాడో వెనకాలే రాస్తాడు. రిజిస్టరైన కాగితమైతే సబ్ రిజిస్ట్రారు ముందు మీ ముత్తాతను "నాకు తెలుసు" అని నిరూపించిన ఇద్దరి పేర్లు, వాళ్ళ నాయనల పేర్లు, ఊళ్ళు అక్కడే ఉంటాయి. భూమి అమ్ముకునేటప్పుడు పక్కన నిలబడేది చాలాసార్లు బామ్మర్దో, వియ్యంకుడో. ఆ ఇద్దరిలో ఒకరిది బేతంచెర్ల వైపు ఊరైతే నాకు వెంటనే రాయండి.